పాలోళ్ళ గల్లీలో పదిహేడు పొయ్యిలు

ఒకే గల్లీలో, ఒక్క గంటలో, పదిహేడు మంది ముసలివాళ్ళు సర్కారును మోసం చేస్తూ దొరికిపోయారంటే ఎవరైనా నమ్ముతారా? కంప్యూటర్ నమ్మింది. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో మేడమీద ఆఫీసు నడిపే మధుకర్ కూడా నమ్మాడు. నమ్మడమే కాదు, ఆ అంకె చూసి అందరికీ సమోసాలు తెప్పించాడు. శైలజ మాత్రం తన సమోసా ముట్టుకోలేదు.

ఆ పథకం పేరు ఆదెరువు, అంటే ఆధారం. ఒంటరిగా బతికే ముసలివాళ్ళకు ఒక కార్డు ఇస్తారు. ఆ కార్డు మీద నెలనెలా పింఛను వస్తుంది, మండల కేంద్రంలో మందులు ఉచితంగా వస్తాయి. కొడుకుల పంచన తింటూ ఒంటరివాళ్ళమని చెప్పుకునేవాళ్ళు ఎక్కువయ్యారని పైవాళ్ళకు అనుమానం పుట్టింది. పెద్దవాళ్ళకు అనుమానం పుడితే ఊరుకుంటారా? రెంజల్, నవీపేట్ వైపు కొన్ని ఊళ్ళు ఏరి, ఆరు నెలలు కొత్త పద్ధతి పెట్టి చూద్దామన్నారు. కాగితాలు వద్దు, సాక్షులు వద్దు. ఫోన్ పట్టుకుని ఒక మనిషి చెప్పా పెట్టకుండా వస్తాడు. ఆ ఇంటికి వేరే పొయ్యి ఉండి మండుతోందో లేదో ఫోటో తీస్తాడు. నిన్న, మొన్న అన్నం ఎక్కడ తిన్నారని అడుగుతాడు. మంట కనపడితే ఒంటరి. మంట లేక, పక్కింట్లో తిన్నామంటే ఉమ్మడి. ఉమ్మడి అని పడిందా, కార్డు ఆ నిమిషమే ఆగిపోతుంది.

ఈ పద్ధతి పనిచేసిందా లేదా అని తేల్చి రిపోర్టు రాసే పని మధుకర్ కంపెనీకి వచ్చింది. ఊళ్ళు తిరిగేది, రాసేది శైలజ. అన్నం ఎక్కడ తిన్నారన్న ప్రశ్నను తెలుగులో కూర్చింది కూడా ఆమే. చక్కగా, ఎవరికైనా అర్థమయ్యేట్టు కూర్చింది.

"బొర్రంపల్లి లెక్క నాకు తేడాగా అనిపిస్తున్నది సార్," అంది శైలజ. "ఒకే రోజు, ఒకే గల్లీ, పదిహేడు కార్డులు. మిగిలిన ఊరంతా కలిపి నాలుగే పోయినయి."

"అన్నదమ్ములు ఒక్కకాడ వండుకుంటరు శైలజా, కాగితం మీద మాత్రం వేరే వేరే అని రాపిస్తరు. గా దొంగతనాన్ని పట్టేటందుకే గదా ఇదంతా!" మధుకర్ సమోసా తుంచుతూ అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ అంకె మీదే అతని ఆఫీసులో పదిమంది జీతాలు నడుస్తున్నాయి, అంతే.

"ఒక్కసారి పోయి చూసొస్త."

"పో. కాని ఒక్క పూటల రా."

బోధన్ దాకా బస్సు, అక్కణ్ణుంచి షేర్ ఆటో. రోడ్డుకు రెండు వైపులా చెరుకు మనిషెత్తు దాటి నిలబడి ఉంది. ఆటోలో నలుగురు ఆడవాళ్ళు ఏదో పెళ్ళి గురించి పకపకా నవ్వుకుంటున్నారు. బొర్రంపల్లిలో పాలోళ్ళ గల్లీ ఎటువైపు అని శైలజ అడిగేసరికి నవ్వులు ఆగిపోయాయి. "గా ఫోన్లోళ్ళేనా మీరు?" అని ఒకామె అడిగింది. జవాబు కోసం చూడకుండానే చీర కొంగు దగ్గరకు లాక్కుని అవతలికి జరిగి కూర్చుంది. 

పాలోళ్ళ గల్లీ అంటే ఒకే ఇంటిపేరు వాళ్ళ ఇళ్ళు. ఎప్పుడో ఒక్క తాత కట్టుకున్న ఇల్లు కొడుకులకు, మనవలకు పంచుకుంటూ పోతే పాతిక గడపలైంది. అన్నదమ్ముల పిల్లలను పాలోళ్ళంటారు. శైలజ గల్లీ మొదట్లో అడుగుపెట్టగానే మొదటి ఇంటి తలుపు మూసుకుంది. తర్వాత రెండోది. తర్వాత ఎదురుగా ఉన్నది. విసురుగా కాదు, మెల్లగా, చప్పుడు రాకుండా, చంటిపిల్లలు నిద్రపోతున్న ఇంట్లో వేసుకున్నట్టు. పట్టపగలు, నడినెత్తిన ఎండ. ఆమెకు ఎందుకో భయమేసింది. తను దొంగా, దొరా? సర్వే కాగితాలు పట్టుకుని తిరిగే ఒక ఆడమనిషిని చూసి ఇంతమంది జడుసుకోవడమేమిటి?

భుజం మీద తువ్వాలతో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. పేరు ముత్యం. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు అందులో పనిచేసి, అది మూతపడ్డాక ఉన్న ఎకరంలో మక్కజొన్న వేసుకుంటున్న మనిషి. ఆ గల్లీకి ఆయన మాటే మాట.

"ఫోను సంచిల పెట్టుకో బిడ్డా. తర్వాత మాట్లాడుదాం."

ఆమె పెట్టుకుంది.

"ఇంకొకటి ఉన్నదా?"

"లేదు బాపు."

"రానియ్యి ముత్యం," అని ఒక అరుగు మీద నుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఇగ నా కాడ తీస్కపోయేటందుకు ఏమున్నదని!"

ఆమె పెంటవ్వ. డెబ్బై దాటాయి. మొగుడు పోయి ముప్ఫై ఏళ్ళు, పిల్లల్లేరు. కళ్ళు కనపడినన్నాళ్ళు బీడీలు చుట్టి తన తిండి తాను తిన్నది. ఇప్పుడు గుండె జబ్బు. మాట మధ్యలో ఆగి, ఊపిరి తెచ్చుకుని, ఆగినచోటి నుంచే మళ్ళీ ఎత్తుకునేది. మాట జారనిచ్చే మనిషి కాదు.

"ఫోటువ దింపుతవా? నన్ను దింపుతవా, నా పొయ్యిని దింపుతవా? ఇద్దరం నల్లగనే ఉంటం, ఏది దింపినా ఒక్కటే."

శైలజ నవ్వింది. ఆ గల్లీలో ఆమె నవ్వింది అదొక్కసారే. అరుగు మీద కూర్చుని, "కార్డు ఎట్ల ఆగిందవ్వా, ఆ రోజు ఏమైందో చెప్పు," అంది.

"ఏమైతది? గా ఫోను పిలగాడు వచ్చిన్నాడు మా కొమురయ్య బావ సచ్చి రెండొద్దులు. పాలోళ్ళ ఇంట్ల మనిషి పోతే, మూడొద్దులు పిట్టకు ముద్ద పెట్టేదాక ఎవలన్న పొయ్యి ముట్టిస్తరా బిడ్డా? ఇంటింటికి పోయిండు. అన్ని పొయ్యిలు సల్లగనే ఉండె. నిన్న యాడ తిన్నవు అవ్వా అనడిగిండు. అబద్ధమాడాల్నా? కొమురయ్య ఇంటి ముంగట తిన్నమన్న. మొన్న? గాడనే. ఇగ ఏందో ఒత్తుకున్నడు, పోయిండు."

శైలజకు తెలియని సంగతా ఇది? తన పెదనాన్న పోయినప్పుడు వినాయక్‌నగర్‌లోని తమ ఇంట్లో గ్యాస్ పొయ్యి మూడు రోజులు వెలిగించలేదు. వియ్యాలవారు వండి తెచ్చిన అన్నం పాలోళ్ళంతా ఒక్కచోట కూర్చుని తిన్నారు. అంతా తెలుసు. తెలిసి కూడా ఆ ప్రశ్న కూర్చేటప్పుడు ఆమెకు తట్టలేదు. చావు లేని ఇల్లు ఉండదని తెలిసిన మనిషి, చావుకు ఒక గడి పెట్టాలని అనుకోలేదు.

"ఆ పిల్లగాడికి చెప్పలేదా అవ్వా, చావు ఇల్లు అని?"

"సెప్పినం. గది రాసే జాగ లేదవ్వా అన్నడు. మంచోడే పాపం. నీళ్ళు తాగి పోయిండు."

ముత్యం అందుకున్నాడు. "రెంజల్ పోయినం, బోధన్ పోయినం. నిజామాబాదుల రిపోర్టు రాస్తున్నరు, గది వచ్చినంక సూస్తం అంటరు. ఎవలనడిగినా రిపోర్టే, రిపోర్టే." అతను శైలజను ఎగాదిగా చూశాడు. "గా రిపోర్టు నువ్వేనా?"

ఆమె తల ఊపింది. ఎంత సిగ్గేసిందో చెప్పలేం.

పెంటవ్వ కొంగు ముడి విప్పి చిన్న ప్లాస్టిక్ కవరు చూపించింది. గుండె గోలీలు. సగానికి విరిచినవి నాలుగు ముక్కలు మిగిలాయి. కార్డు ఆగిన రోజు నుంచి మండలంలో గోలీలు ఇవ్వడం లేదు. "పొద్దుకు సగం ఏస్కుంటున్న. సగం పానానికి సగం గోలి, సాలదా?" అంది. ఈసారి శైలజకు నవ్వు రాలేదు. ఆ కార్డు తెరుచుకుంటే ఈమె బతుకుతుంది, తెరుచుకోకపోతే బతకదు. ఇంతకంటే సులువైన లెక్క ఆరునెలల డేటాలో ఎక్కడా లేదు.

ముత్యాన్ని వెంటబెట్టుకుని బోధన్ పోయి, మెడికల్ షాపులో పది రోజుల గోలీలు కొని ఇచ్చి పంపింది. "పది రోజులల్ల కార్డు తెరిపిస్త బాపు," అని మాట కూడా ఇచ్చింది. మాట ఇచ్చేటప్పుడు ఎంత ధైర్యంగా ఉంటుందో!

మధుకర్ అంతా విన్నాడు. ఓపిగ్గానే విన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. చివర్ల అనుబంధంల ఒక పేజీ రాయి. కాని రిపోర్టు మారదు శైలజా. పైనోళ్ళు అడిగింది ఎంతమంది తగ్గిండ్రని. ఎందుకు తగ్గిండ్రని ఎవరడిగిండ్రు?"

"అనుబంధం రాస్తే ఆమెకు గోలీలు రావు సార్."

అతను కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టుకున్నాడు. తర్వాత ఒక దారి చెప్పాడు. హైదరాబాద్ నుంచి పెద్దసారు వచ్చే గురువారం జిల్లాకు వస్తున్నాడు. పైలట్ ఎట్ల నడిచిందో కళ్ళారా చూసిపోతాడు. ఆయన ఫోన్లో మండే పొయ్యి ఫోటో పడితే ఆగిన కార్డు అప్పటికప్పుడు తెరుచుకుంటుంది. "నేను గాయనను మీ బొర్రంపల్లికే తోల్కొస్త. కాని ఒకటి గుర్తుపెట్టుకో. మళ్ళీ చూసుడు గల్లీ మొత్తానికి ఒక్కటేసారి. పదిహేడుకు పదిహేడు మండుతుండాలె. ఒక్కటి ఆరి ఉన్నా గల్లీ మొత్తం ఉమ్మడి అని పక్కా అయితది. ఇగ దేవుడు దిగొచ్చినా తెరుసుకోదు."

"చెప్పి పోతే అది తనిఖీ ఎట్ల అయితది సార్?"

"నీకు కార్డులు గావాల్నా, తనిఖీ గావాల్నా?"

కార్డులే కావాలి. ఆ సాయంత్రమే ముత్యానికి ఫోన్ చేసింది. గురువారం తెల్లవారినప్పటి నుంచి పదిహేడు ఇళ్ళలోనూ పొయ్యి మండుతుండాలని చెప్పింది. కట్టెలు ఇప్పుడే సర్దుకొమ్మంది. గ్యాస్ ఉన్నవాళ్ళు సిలిండర్‌ను నమ్ముకోకుండా కట్టెల పొయ్యి కూడా వెలిగించుకొమ్మంది. "సార్లు ఊరు దాటేదాక ఆరనియ్యకుండ్రి బాపు. ఏదేమైనా గానీ. ఒక్కటి ఆరినా అందరిదీ పోతది." ముత్యం ఆమె చెప్పిందంతా మళ్ళీ తిరగ చెప్పి, సరేనా అని అడిగాడు. చదువుకోని మనిషైనా ఎంత బాగా పట్టుకున్నాడని ఆమె సంతోషపడింది.

గురువారం పెద్దసారుకు వేరే మీటింగు పడింది. సోమవారం అన్నారు. సోమవారం ఎవరో మంత్రి వచ్చాడని మళ్ళీ గురువారం అన్నారు. రెండుసార్లూ బొర్రంపల్లిలో తెల్లవారుజాము నుంచి పదిహేడు పొయ్యిలు మండి మండి, సాయంత్రానికి కబురు అందాక ఆరాయి. కట్టెలు అయిపోయి మక్కబెండ్లు, కందికట్టె, చివరికి ఎవరిదో విరిగిన మంచం కోళ్ళు కూడా పెట్టారని ముత్యం చెప్పాడు. పది రోజుల గోలీలూ అయిపోయాయి.

మంగళవారం ముత్యం మళ్ళీ ఫోన్ చేశాడు. శైలజ రిపోర్టులో బొమ్మలు అతికిస్తోంది.

"అవ్వకు ఆయాసం ఎక్కువైంది బిడ్డా. పండుకుంటే ఊపిరాడ్తలేదు, గోడకు ఆనుకొని కూసుంటున్నది. కాళ్ళు ఉబ్బినయి."

"అయ్యో, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యలేదా? బోధన్ దవాఖానకు తీస్కపో బాపు, వెంటనే!"

"రానంటున్నది. నువ్వే చెప్పు."

ఫోన్ చేతులు మారింది. ముందు ఊపిరి వినిపించింది, చాలాసేపు ఊపిరే. తర్వాత మాట. "నేను దవాఖానకు పోతే... గురువారం నా పొయ్యికాడ ఎవలు కూసుంటరు బిడ్డా? అడుగుతరు గద, ఈ పొయ్యి ఎవలదని. నా ఒక్కదాని పొయ్యి ఆరితే... పదహారు మంది ఉసురు నాకు తగుల్తది."

"అట్ల కాదవ్వా, నేను సార్లతోని మాట్లాడుతా, నువ్వు పో."

"మాట్లాడితే వింటరా?"

శైలజ వెంటనే అవునని అనలేకపోయింది. ఆ ఒక్క క్షణం ముసలామెకు చాలు. "రెండొద్దులే గద. ఉంట లే," అని ఫోన్ ఇచ్చేసింది.

ఆ రోజు శైలజ లేచి బయలుదేరవలసింది. రెక్క పట్టుకుని ఆటో ఎక్కించవలసింది. రిపోర్టు బుధవారం రాత్రికల్లా అందాలి, రెండు రోజులే కదా అనుకుంది. చదువుకున్నవాళ్ళు తమకు తాము చెప్పుకునే అబద్ధాలు ఎంత చక్కగా ఉంటాయో! బోధన్ మెడికల్ షాపువాణ్ణి ఫోన్లో బతిమాలి గోలీలు పంపించమంది. అతను సరేనన్నాడు. గోలీలు బుధవారం సాయంత్రం ఆటోలో చేరాయట.

గురువారం మూడు బండ్లు బయలుదేరాయి. ముందు బండిలో పెద్దసారు, మధుకర్, వెనక సీట్లో శైలజ. పెద్దసారు నిదానస్తుడు, మెత్తగా మాట్లాడతాడు, దారిలో చెరుకు ధర గురించి అడిగి తెలుసుకున్నాడు. రెంజల్ దాటి మలుపు తిరిగాక చెరుకుతోటల మీదుగా పొగ కనపడింది. ఒక ఇంటిది కాదు. ఊరి అవతలి కొసన ఆకాశమంతా బూడిద రంగుగా ఉంది. ఏదో అంటుకుందా అని డ్రైవరు బండి నెమ్మది చేశాడు.

"వంటలు చేస్కుంటున్నరు సార్," అన్నాడు మధుకర్, గొంతులో సంతోషం ఆపుకోలేక.

గల్లీలో ఈసారి తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. ప్రతి గుమ్మంలో ఒక ముసలి మనిషి, ప్రతి ముసలి మనిషి పక్కన ఒక పొయ్యి, పొయ్యి మీద కుండ. పొగకు కళ్ళు మండుతున్నాయి. అంతమంది ఉన్నా ఒక్కళ్ళూ మాట్లాడటం లేదు. కోడిపిల్లను అదిలించే అరుపు కూడా లేదు. శైలజ మొదటి ఇంట్లో కుండలోకి తొంగి చూసింది. వట్టి నీళ్ళు మరుగుతున్నాయి. రెండో ఇంట్లో కూడా నీళ్ళే. మూడో ఇంటి ఆవిడ జుట్టు విరబోసుకుని ఉంది, శైలజను చూసి తల దించుకుంది. ఎవరూ రా అనలేదు, కూర్చో అనలేదు.  భయంతో ఇట్లా ఉన్నారు, పెద్దసారు అంటే భయం ఉండదా అని శైలజ తనకు తాను సర్ది చెప్పుకుంది.

పెద్దసారు ఇంటింటికీ పోతున్నాడు. ఫోటో తీస్తున్నాడు. ఫోన్ టింగుమంటుంది, ఆకుపచ్చ గుర్తు పడుతుంది, కార్డు తెరుచుకుంటుంది. "చూశారా, పద్ధతి పెట్టాక ఎవరి కుంపటి వాళ్ళు పెట్టుకున్నారు! ముందు మాత్రం ఒకే కుండలో తినేవాళ్ళు," అన్నాడు మధుకర్‌తో. మధుకర్ అవునన్నాడు. ముత్యం వాళ్ళ వెనకాలే చేతులు కట్టుకుని నడుస్తున్నాడు. శైలజ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పద్నాలుగో ఇల్లు పెంటవ్వది. పొయ్యి భగభగా మండుతోంది. పక్కన కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నది పెంటవ్వ కాదు, ముత్యం భార్య భీమవ్వ.

"లబ్ధిదారు మీరేనా?" అన్నాడు పెద్దసారు.

"మా అక్కది సార్ ఇల్లు. అక్క లోపల పండుకున్నది. పానం బాగలేదు. రాత్రంత నిద్ర లేక ఇప్పుడే కన్నంటుకున్నది."

పెద్దసారు గుమ్మంలోంచి తొంగి చూశాడు. చీకటి గదిలో మంచం, మంచం మీద దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగిన మనిషి. "మొహం ఫోటో కూడా ఉంటే బాగుండేది," అన్నాడు. భీమవ్వ ఇంకో కట్టె పొయ్యిలోకి తోసింది.  "సరేలే, పాపం, లేపకండి. పొయ్యి చాలు," అని ఆయనే మళ్ళీ అని పొయ్యికి ఫోటో తీశాడు. టింగుమంది. పెంటవ్వ కార్డు తెరుచుకుంది.

వాళ్ళు ముందుకు నడిచారు. శైలజ లోపలికి పోయింది. కార్డు వచ్చిందని తన నోటితో చెప్పాలని, గోలీలు వేసుకుందా లేదా అడగాలని ఆమె ఆశ. మంచం పక్కన కూర్చుని, "అవ్వా, కార్డు వచ్చింది," అని దుప్పటి అంచున కనపడుతున్న పాదం మీద చెయ్యి వేసింది. రాయిలా చల్లగా ఉంది. రెండు కాలి బొటనవేళ్ళూ బీడీ దారంతో కలిపి కట్టి ఉన్నాయి.

ఆమె నోరు తెరిచింది. అరుపు వచ్చేలోపల భీమవ్వ లోపలికి వచ్చి మసి అంటిన అరచేత్తో ఆ నోరు మూసింది.

"ఎప్పుడు?" అంది శైలజ ఆ చేతి వెనకనుంచి.

"తెల్లారంగ. ఊపిరి ఎగపోసుకుంట, పొయ్యి ముట్టిచ్చిండ్రా, పొయ్యి ముట్టిచ్చిండ్రా అని అడిగింది. ముట్టిచ్చినమని సెప్పినం. పోయింది."

"శవాన్ని ఇంట్ల పెట్టుకొని... పొయ్యి ముట్టించిండ్రా అక్కా? పాలోళ్ళంత?"

"ఇంకేం జెయ్యాలె?" భీమవ్వ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, గొంతు మాత్రం లేవలేదు. "మా తాతల కాడి నుంచి ఎవలు జెయ్యని పని జేసినం. పాపమో పుణ్యమో మాకు ఎర్కలేదు. నువ్వు సప్పుడు జెయ్యకు బిడ్డా. ఇంక మూడిండ్లున్నయి."

శైలజ బయటికి వచ్చింది.  పెద్దసారు దగ్గరకు పోయి, అయ్యా, ఇది చావు ఇల్లు, ఈ గల్లీ అంతా చావు ఇల్లు, మీరు ఫోటోలు తీస్తున్నది చనిపోయిన మనిషి పొయ్యి అని చెప్పాలని ఉంది. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. చనిపోయినామె పొయ్యి లెక్కలోకి రాదు. పదిహేడులో ఒకటి తగ్గుతుంది. పదహారు కార్డులు మళ్ళీ మూసుకుంటాయి, ఈసారి పక్కాగా. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. పళ్ళు బిగించుకుని వాళ్ళ వెనక నడిచింది.

పదిహేనో ఇల్లు అయింది. పదహారో ఇల్లు అయింది. చివరిది ఆత్మారాంది. పెంటవ్వకు మరిది అవుతాడు. ఎనభై ఏళ్ళ మనిషి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. భుజాలు ఎగిసి పడుతున్నాయి. ఏడుపు బయటికి రాకుండా తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. పొయ్యిలో మంట లేదు. మక్కబెండ్లు బూడిదై, పొగ మాత్రం సన్నగా లేస్తోంది. పెద్దసారు ఇంకా పదహారో ఇంటి గుమ్మంలోనే నిలబడి మధుకర్‌తో ఏదో చెబుతూ ఇటు తిరుగుతున్నాడు.

శైలజ ఒక్క ఉరుకు ఉరికింది. మోకాళ్ళ మీద కూర్చుని, చేతికందిన చితుకులు పొయ్యిలో తోసి, ఊదుగొట్టం తీసుకుని ఊదింది. బూడిద మొహాన పడింది. మళ్ళీ ఊదింది. కళ్ళు పోతాయేమో అన్నంతగా ఊదింది. మంట లేచింది.

"అరె, శైలజగారూ, మీరు కూడా వంట మొదలుపెట్టారా?" పెద్దసారు నవ్వాడు. ఫోన్ ఎత్తి ఫోటో తీశాడు. టింగుమంది. "ఈ ఫోటో బాగుంది మధుకర్, రిపోర్టు అట్ట మీద ఇదే వేయించండి. పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వచ్చే నెల నుంచి జిల్లా మొత్తం పెట్టేద్దాం, ఆ తర్వాత మిగిలిన జిల్లాలు."

మధుకర్ బండెక్కమని పిలిచాడు. తనకు బోధన్‌లో పని ఉందని, ఆటోలో వస్తానని శైలజ చెప్పింది. ఆమె మొహాన మసి ఉండబట్టి అందులో ఏముందో అతనికి కనపడలేదు. మూడు బండ్లూ గల్లీ దాటాయి, బడి దాటాయి, చెరుకు మధ్యకు పోయి కనపడకుండా పోయాయి. మోత మాత్రం కాసేపు వినిపించింది. గల్లీలో ఎవరూ కదల్లేదు. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు నిలబడినట్టే ఉండి రోడ్డు వైపు చెవులు పెట్టి వింటున్నారు. ఆ మోత కూడా ఆగిపోయింది.

అప్పుడు ముత్యం ఆమె దగ్గరకు వచ్చాడు. తువ్వాల భుజం మీది నుంచి తీసి రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు, ఆఫీసుల్లో నిలబడినట్టు. అతని వెనక భీమవ్వ, ఆమె వెనక గల్లీలోని ఆడవాళ్ళంతా. అందరూ శైలజ మొహంలోకే చూస్తున్నారు.

"బిడ్డా," అన్నాడు ముత్యం. "ఇగ ఏడ్వొచ్చునా? లేకుంటే ఇంక ఎవలన్న వచ్చేదున్నదా?"